జట్టులోకి డ్రగ్స్ రాకుండా చూసుకోవడం ఎలా? కోచ్‌లకు, కెప్టెన్లకు, క్లబ్ నడిపేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

చాలా క్లబ్బుల్లో జరిగేది ఇదే. సీజన్ మొదట్లో ఒక పెద్దాయన్ని పిలిచి డ్రగ్స్ మీద గంటసేపు ఉపన్యాసం ఇప్పిస్తారు, అందరి చేతా ప్రమాణం చేయిస్తారు, గ్రూప్ ఫొటో దిగుతారు, డబ్బులుంటే మధ్యలో ఒకసారి మూత్రపరీక్ష కూడా పెడతారు. అంతటితో పని అయిపోయిందనుకుంటారు. ఏడాది తిరక్కుండానే ఎవరో ఒకరు దొరుకుతారు, "అయ్యో, అంత మంచి కుర్రాడు, ఇలా ఎలా చేశాడు" అని అందరూ నోళ్లు వెళ్లబెడతారు.

ఈ విషయంలో నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. ఆటగాడు మొదటిసారి తడబడినప్పుడు, లేదా తడబడబోతున్నానని తనకే అనిపించినప్పుడు, టీమ్‌లో చోటు పోతుందేమోనన్న భయం లేకుండా ఫోన్ చేయగలిగే మనిషి ఒకరుండాలి. అలాంటి మనిషి లేని జట్టులో ఎన్ని టెస్టులు పెట్టినా, ఎన్ని పోస్టర్లు అంటించినా ఆటగాళ్లు దాచడం నేర్చుకుంటారే తప్ప మానేయడం నేర్చుకోరు. కింద చెప్పేదంతా ఆ మనిషి చుట్టూ కట్టుకోవాల్సిన పనే. వరుసలోనే చేయండి, ఎందుకంటే రాతపూర్వక నియమాలు లేకుండా టెస్టులు మొదలుపెట్టిన క్లబ్బులు మొదటి పాజిటివ్‌కే తలలు పట్టుకుంటాయి.

1. ముందు రెండు సమస్యల్ని విడదీయండి

స్టెరాయిడ్లు, రక్తంలో ఎర్రకణాలు పెంచే ఈపీఓ లాంటివి ఆట మెరుగుపడాలని వాడేవి. గంజాయి, కొకైన్, ఎక్స్‌టసీ, హెరాయిన్, డాక్టర్ చీటీ లేకుండా మింగే నొప్పి మాత్రలు, నిద్రమాత్రలు వేరే కథ. వీటిని వాడేవాడు చాలాసార్లు పతకం కోసం వాడడు. పార్టీలోనో, దిగులులోనో, నొప్పి భరించలేకో, నిద్రపట్టకో మొదలవుతుంది. కారణం వేరైనప్పుడు మందూ వేరుగానే ఉండాలి కదా. ఈ వ్యాసం రెండో రకం గురించే.

2021 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన ప్రపంచ డోపింగ్ నిరోధక నియమావళి కూడా ఈ తేడాను గుర్తించింది. కొకైన్, హెరాయిన్, ఎక్స్‌టసీ, గంజాయిలో మత్తెక్కించే టీహెచ్‌సీ, ఈ నాలుగింటిని అది విడిగా ఒక వర్గంలో పెట్టింది. పోటీ సమయం బయట వాడానని, ఆటతో దానికి సంబంధం లేదని ఆటగాడు నిరూపించుకుంటే నిషేధం మూడు నెలలు, ఆమోదం ఉన్న చికిత్సా కార్యక్రమం పూర్తి చేస్తే ఒక నెల. అలా నిరూపించుకోలేకపోతే వ్యవహారం ఏళ్లలోకి వెళ్తుంది.

ఇక్కడే ఆటగాళ్లు పెద్ద పొరపాటు పడతారు. "ఇవి పోటీ సమయంలోనే నిషేధం కదా, ఖాళీ వారంలో పర్వాలేదు" అనుకుంటారు. పోటీ సమయం అంటే సాధారణంగా మ్యాచ్ ముందురోజు రాత్రి 11:59 నుంచి మ్యాచ్ అయ్యి శాంపిల్ ఇచ్చేదాకా. కానీ ఒంట్లో ఉన్న పదార్థానికి గడియారం చూడడం రాదు. కొకైన్ ఆనవాళ్లు మూత్రంలో రెండు మూడు రోజులు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ ఉంటాయి. టీహెచ్‌సీ కొవ్వులో కరిగి నిల్వ ఉంటుంది కాబట్టి రోజూ తాగేవాళ్లలో వారాల తరబడి బయటపడుతూనే ఉంటుంది. 2021లో అమెరికన్ స్ప్రింటర్ షకారీ రిచర్డ్‌సన్ ఒలింపిక్ ట్రయల్స్‌లో వంద మీటర్లు గెలిచింది, తల్లి చనిపోయిన బాధలో గంజాయి వాడానని ఒప్పుకుంది, శిక్ష పడింది నెల రోజులే, కానీ ట్రయల్స్‌లోని ఆ ఫలితం రద్దవడంతో టోక్యోలో వంద మీటర్లు పరిగెత్తే అవకాశం పోయింది. మీ ఆటగాళ్లకు నియమం చెప్పేటప్పుడు ఈ ఒక్క ఉదాహరణ చాలు. నిషిద్ధ జాబితా ఏటా జనవరి 1న కొత్తది వస్తుంది, దాన్ని చదివి జట్టుకు చెప్పే బాధ్యత ఎవరిదో ఇప్పుడే తేల్చండి. "అందరిదీ" అంటే ఎవరిదీ కాదు.

2. సీజన్ క్యాలెండర్ ముందేసుకుని ప్రమాదకరమైన రోజులు గుర్తుపెట్టండి

"చెడు స్నేహాలు" అని ఒక్క మాటలో తేల్చేయడం మనకు అలవాటు. నిజానికి చూడాల్సింది ఖాళీ సమయాన్ని. ఆటగాడి జీవితం నిమిషాల లెక్కన నడుస్తుంది, ఎప్పుడు లేవాలో, ఏం తినాలో, ఎప్పుడు పడుకోవాలో ఇంకొకరు చెబుతారు. ఆ చట్రం ఒక్కసారిగా ఊడిపోయే రోజులు కొన్ని ఉంటాయి. సీజన్ ముగిసిన మొదటి మూడు వారాలు. గాయమై బయట కూర్చున్న నెలలు. టీమ్ లిస్టులో పేరు లేని రోజు. ఇంటికి దూరంగా హోటల్ గదిలో గడిపే సాయంత్రాలు. మొదటి పెద్ద జీతం అందిన నెల. ఆట మానేసిన తర్వాత వచ్చే ఏడాది.

గెలుపును కూడా ఈ జాబితాలో చేర్చండి, దీన్ని చాలామంది మర్చిపోతారు. 1986 జూన్ 17న బాస్కెట్‌బాల్ ఆటగాడు లెన్ బయస్‌ను అమెరికాలోని బోస్టన్ సెల్టిక్స్ జట్టు డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త ఆటగాళ్లను జట్లు వరసగా ఎంచుకునే కార్యక్రమంలో, రెండో స్థానంలో ఎంచుకుంది. రెండు రోజులకు, 19న, కొకైన్ వల్ల గుండె లయ తప్పి చనిపోయాడు. వయసు 22. ఓడిపోయి కుంగిపోయిన మనిషి కాదతను, జీవితంలో అన్నిటికంటే పెద్ద సంతోషంలో ఉన్నాడు.

పని ఇలా చేయండి. కోచ్, కెప్టెన్, ఫిజియో, మేనేజర్ కూర్చుని ఏడాది క్యాలెండర్ మీద ఆ రోజులకు ఎర్ర గుర్తులు పెట్టండి. ప్రతి గుర్తుకూ ఎదురుగా "ఆ వారంలో ఎవరు ఎవరికి ఫోన్ చేస్తారు" అన్నది రాయండి. సెలక్షన్‌లో తప్పించిన ఆటగాడికి ఆ సాయంత్రమే ఫోన్ వెళ్లాలి, వాట్సాప్ గ్రూప్‌లో లిస్టు పెట్టేసి చేతులు దులుపుకోవడం కాదు. ఇది ఖర్చులేని పని, అందుకేనేమో ఎవరూ చేయరు.

3. నియమాలు ఒకే పేజీలో రాయండి

పది పేజీల పాలసీ ఎవడూ చదవడు. ఒక్క పేజీ, ఆటగాళ్లు మాట్లాడుకునే భాషలో. అందులో రెండు దారులు స్పష్టంగా వేరుగా కనిపించాలి: తనంతట తాను వచ్చి చెప్పుకున్నవాడికి ఒక దారి, దొరికిపోయినవాడికి ఇంకో దారి. రెంటికీ ఒకే శిక్ష అంటే మొదటి దారిలో ఎవరూ నడవరు.

తానే వచ్చి చెబితే: క్లబ్ తరఫున శిక్ష లేదు, చికిత్స మొదలవుతుంది, ఆడొచ్చా లేదా అన్నది డాక్టర్ చెబుతారు, సెలక్టర్లకు "వైద్య కారణాలు" అని మాత్రమే తెలుస్తుంది. ఎవరెవరికి తెలుస్తుందో హోదాలతో సహా రాయండి, ఇద్దరు ముగ్గురికి మించకూడదు. దొరికితే: మొదటిసారికి ఏమిటి, రెండోసారికి ఏమిటి, ఎవరు నిర్ణయిస్తారు, అప్పీలు ఎవరికి. ఇతరులకు అమ్మినా, సరఫరా చేసినా మాత్రం ఈ మెత్తదనం ఉండదని అదే పేజీలో గట్టిగా రాయండి. క్లబ్ వదిలేసినంత మాత్రాన డోపింగ్ నిరోధక సంస్థ గానీ, మీ దేశ చట్టం గానీ వదిలేయవన్న సంగతి కూడా దాచకండి. ఆటగాడు మైనర్ అయితే తల్లిదండ్రులకు ఎప్పుడు చెబుతారో ముందే చెప్పాలి, తర్వాత చెబితే అది ద్రోహంలా అనిపిస్తుంది.

ఇంగ్లండ్ క్రికెట్‌లో 2012లో సర్రే ఆటగాడు టామ్ మేనార్డ్ మద్యం, డ్రగ్స్ ప్రభావంలో రైలు పట్టాల మీద చనిపోయాక, మరుసటి ఏడాది నుంచి బోర్డు, ఆటగాళ్ల సంఘం కలిసి వెంట్రుకల పరీక్షలు మొదలుపెట్టాయి. మొదటిసారి దొరికితే గోప్యంగా సాయం, రెండోసారి శిక్ష అన్నది పద్ధతి. 2019లో అలెక్స్ హేల్స్‌కు ఆ పద్ధతి ప్రకారమే 21 రోజుల నిషేధం పడింది, తర్వాత వార్త బయటికి పొక్కింది, ప్రపంచకప్ జట్టులోంచి కూడా తీసేశారు. తీసేయడం సరైనదా కాదా అన్నది ఇప్పటికీ వాదించుకోవచ్చు. నాకు మాత్రం అందులో కనిపించేది వేరు. నియమంలో రాసిన శిక్ష పూర్తయ్యాక ఇంకో శిక్ష వచ్చే అవకాశం ఉంటే ఆ సంగతి కూడా నియమంలోనే ఉండాలి. లేకపోతే తర్వాతి ఆటగాడు ఆ కాగితాన్ని నమ్మడు.

పేజీ తయారయ్యాక సంతకాలకు ముందు సీనియర్ ఆటగాళ్లతో చదివించండి. వాళ్లు కొట్టేయమన్న వాక్యాలు కొన్ని నిజంగానే కొట్టేయాల్సినవి అయి ఉంటాయి.

4. ఆ ఒక్క మనిషిని ఎంచుకోండి

హెడ్ కోచ్ పనికిరాడు. ఎంత మంచివాడైనా సరే, పదకొండు మందిని ఎంచే అధికారం ఉన్నవాడికి ఎవరూ ఇలాంటివి చెప్పరు. క్లబ్ యజమాని అసలే వద్దు. సెలక్షన్‌తో సంబంధం లేని ఫిజియో, టీమ్ డాక్టర్, రిటైరైన ఆటగాడు, బయటి కౌన్సెలర్, వీళ్లలో ఒకరు. ఆడవాళ్ల జట్టైతే వీలైనంతవరకు ఒక మహిళ. నోరు కట్టుకోగలిగే గుణం అన్నిటికంటే ముఖ్యం, చదువు ఆ తర్వాత. నెంబర్ డ్రెస్సింగ్ రూమ్ గోడ మీద అంటిస్తే సరిపోదు, అందరూ చూస్తుండగా దాన్ని ఎవరు రాసుకుంటారు? అందరి ఫోన్లలోనూ ఒకేసారి సేవ్ చేయించండి. నెలకొకసారి ఆ మనిషి ప్రతి ఆటగాడితోనూ ఐదు నిమిషాలు మాట్లాడాలి, ఊరికే, నిద్ర ఎలా ఉంది, ఇంట్లో ఎలా ఉన్నారు అని. అందరితోనూ మాట్లాడుతుంటేనే అవసరమైనవాడు మాట్లాడినా ఎవరికీ అనుమానం రాదు.

5. పాఠం చెప్పండి, భయపెట్టకండి

పుర్రె బొమ్మలు, ఆసుపత్రి ఫొటోలు, "ఒక్కసారి ముట్టుకుంటే నాశనమే" లాంటి మాటలు. ఇవి చెప్పేవాళ్లకు తృప్తినిస్తాయి, వినేవాళ్లు మాత్రం ఒక్కసారి ముట్టుకుని ఏమీ కాని స్నేహితుణ్ని చూసి ఉంటారు కాబట్టి ఆ తర్వాత మీరేం చెప్పినా నమ్మరు. 1983లో లాస్ ఏంజెలెస్‌లో పోలీసులు తరగతి గదుల్లో మొదలుపెట్టిన డేర్ అనే కార్యక్రమం అమెరికా అంతా పాకింది, కానీ దాని పాత పద్ధతిని పరిశోధకులు కొలిచి చూసినప్పుడల్లా వాడకం మీద ప్రభావం దాదాపు ఏమీ కనిపించలేదు. అదే దేశంలో ఓరెగాన్ హెల్త్ సైన్సెస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1990లలో హైస్కూల్ ఫుట్‌బాల్ జట్ల కోసం తయారుచేసిన అట్లాస్ కార్యక్రమం వేరే దారి పట్టింది. మొదట స్టెరాయిడ్ల కోసం మొదలైనా ఇతర డ్రగ్స్, మద్యం మీద కూడా మంచి ఫలితం చూపించింది. అందులో ఏముంది? చిన్న గుంపులు, ప్రతి గుంపుకూ వాళ్లలోంచే ఒక ఆటగాడు నాయకుడు, ప్రాక్టీస్ వేళల్లోనే క్లాసు, కోచ్ కూడా పక్కనే, తిండీ కసరత్తూ కలిపి పాఠం.

మీరు కూడా అలాగే చేయండి. ఆరేడుగురు ఉన్న గుంపు, ముప్పావుగంట, సీజన్ అంతా కలిపి ఏడెనిమిది సార్లు. ప్రాక్టీస్ అయ్యాక అలిసిపోయినప్పుడు కాదు, ప్రాక్టీస్ టైమ్‌లోంచే కోసి ఇవ్వండి, అప్పుడే ఇది ముఖ్యమని ఆటగాడికి అర్థమవుతుంది.

చెప్పాల్సిన విషయాలు నిజమైనవి, ఆటతో ముడిపడినవి అయి ఉండాలి. కొకైన్, మద్యం కలిసి ఒంట్లో పడితే కాలేయంలో కొకాఇథిలీన్ అనే మూడో పదార్థం తయారవుతుంది, అది కొకైన్ కంటే ఎక్కువసేపు ఉంటుంది, గుండెకు ఇంకా చెడ్డది. పార్టీలో రెండూ కలిసే వస్తాయి కాబట్టి ఇది తెలియాలి. ఎక్స్‌టసీ ఒంటి వేడిని ప్రమాదకరంగా పెంచగలదు, దాని మీద డ్యాన్సో పరుగో తోడైతే ఇంకా. గంజాయి తాగితే ప్రతిస్పందన వేగం తగ్గుతుంది, వేగంగా వచ్చే బంతి ముందు నిలబడేవాడికి దీని గురించి ఎక్కువ వివరించక్కర్లేదు. బయట కొన్న మాత్రలో ఏముందో అమ్మినవాడికీ తెలియదు, హెరాయిన్ కంటే దాదాపు 50 రెట్లు బలమైన ఫెంటానిల్ నకిలీ మాత్రల్లో కలిసి వచ్చి ఎంతోమందిని చంపింది. ఇవన్నీ చెప్పండి, అలాగే "వాడినవాళ్లకు మొదట్లో బాగానే అనిపిస్తుంది, అందుకే వాడతారు" అన్న నిజాన్ని కూడా చెప్పండి. ఆ మాట చెప్పని పాఠాన్ని కుర్రాళ్లు సగంలోనే వదిలేస్తారు.

ఇంకో పని, అందరితోనూ పేరు లేని చీటీల మీద రెండు ప్రశ్నలకు జవాబు రాయించండి: మన జట్టులో ఎంతమంది వాడుతున్నారనుకుంటున్నావు? నువ్వు వాడుతున్నావా? సాధారణంగా మొదటి అంకె రెండోదానికంటే చాలా పెద్దగా వస్తుంది. "అందరూ చేస్తున్నారు" అన్న భ్రమే కొత్త కుర్రాణ్ని లాగుతుంది కాబట్టి ఆ రెండు అంకెల్నీ బోర్డు మీద పక్కపక్కన రాసి చూపించండి. ఒకవేళ రెండో అంకె పెద్దగా వస్తే మాత్రం బోర్డు జోలికి పోకండి, మీ ముందున్న పని చికిత్స.

ఇక కాదనడం ఎలాగో ప్రాక్టీస్ చేయించాలి, నిజంగా నోటితో. వినడానికి సిగ్గుగా ఉంటుంది, అందరూ నవ్వుతారు, నవ్వనివ్వండి. "వద్దు" అని ప్రసంగం ఇవ్వక్కర్లేదు. "నాకు టెస్ట్ ఉంటుంది రా, వదిలెయ్", "పొద్దున్నే ప్రాక్టీస్, నేను బయల్దేరతా", "మా ఫిజియో చంపేస్తాడు" లాంటి చిన్న మాటలు, వెంటనే అక్కణ్నుంచి కదలడం. జట్టులో ఇద్దరిద్దరిని జతగా పెట్టి, పార్టీకి ఎవరు వెళ్లినా జతగానే వెళ్లి జతగానే రావాలన్న పద్ధతి పెట్టుకుంటే ఈ మాటలు ఇంకా తేలిక.

6. నొప్పి మాత్రల దగ్గర కాపలా పెట్టండి

పార్టీ మీద పెట్టిన కన్ను మందుల పెట్టె మీద ఎవరూ పెట్టరు. ఎన్ఎఫ్ఎల్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ నుంచి రిటైరైన 644 మందిని అడిగి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, సగానికి పైగా, 52 శాతం మంది, ఆడే రోజుల్లో ఓపియాయిడ్ (నల్లమందు జాతి) నొప్పి మందులు వాడామన్నారు, వాళ్లలో 71 శాతం మంది తప్పుగా వాడామని ఒప్పుకున్నారు. 2019లో బేస్‌బాల్ పిచర్ టైలర్ స్కాగ్స్ చనిపోయినప్పుడు ఒంట్లో ఫెంటానిల్, ఆక్సికోడోన్, మద్యం ఉన్నట్టు తేలింది. ఆ ఏడాది చివర్లోనే మేజర్ లీగ్ బేస్‌బాల్, ఆటగాళ్ల సంఘం ఓపియాయిడ్లకు పరీక్షలు పెట్టి, పాజిటివ్ వచ్చినవాళ్లను ముందు చికిత్సకు పంపేలా నియమాలు మార్చుకున్నాయి. ట్రమడాల్ అనే నొప్పి మందు కూడా 2024 జనవరి 1 నుంచి పోటీ సమయంలో నిషేధం, ఈ సంగతి తెలియక పాత స్ట్రిప్ మింగేసే ఆటగాళ్లు ఉంటారు.

కాబట్టి మందులు రాసేది ఒక్క డాక్టరే. ఎన్ని మాత్రలు, ఎన్ని రోజులకు అన్నది కాగితం మీద ఉండాలి. ఆపరేషన్ అయిన ఆటగాడికి ఇచ్చిన ఓపియాయిడ్లలో మిగిలినవి తిరిగి తీసుకోండి, అలమరలో ఉండనివ్వకండి. ఒకరి మాత్ర ఇంకొకరికి ఇవ్వడం, "నాకు పనిచేసింది, నువ్వూ వేసుకో" అనడం, అది సీనియర్ చేసినా తప్పే. నిద్రమాత్రలకూ ఇదే లెక్క, రాత్రి మ్యాచ్ అయ్యాక నిద్రపట్టక ఒకటి వేసుకోవడం, పొద్దున లేవలేక ఏదో ఉత్సాహానికి ఇంకొకటి వేసుకోవడం, ఈ గొలుసు చాలా మామూలుగా మొదలవుతుంది. ఎప్పుడో రాసిన మందునే నెలల తరబడి పొడిగిస్తూ పోతుంటే డాక్టర్‌ను అడిగే హక్కు ఫిజియోకు ఉండాలి.

గాయపడ్డవాణ్ని మీటింగుల నుంచి, బస్సు నుంచి, జోకుల నుంచి దూరం చేయకండి. స్కోరు రాయించండి, వీడియో విశ్లేషణ ఇవ్వండి, జూనియర్లకు నేర్పమనండి. ఏదో ఒక పని.

7. సంబరాల సంగతి

డ్రగ్స్ చాలాసార్లు మద్యం వెనకాలే వస్తాయి. డ్రెస్సింగ్ రూమ్‌లో పెట్టెలకొద్దీ బీరు పోసి, ఆ తర్వాత మాత్రం అందరూ బుద్ధిగా ఇంటికెళ్లాలంటే కుదరదు. గెలిచిన రాత్రి తిండి బాగా ఉండాలి, కుటుంబాలు ఉండాలి, ఇంటికి చేర్చే బండి ఉండాలి, ముగిసే టైమ్ ఉండాలి. కొత్తగా వచ్చినవాళ్లను "స్వాగతం" పేరుతో తాగించే ఆచారం ఉంటే ఈ ఏడాదితో ఆపేయండి. కోచ్ తాగి తూలుతూ కనిపించే జట్టులో మిగతా ఏ నియమమూ నిలవదు, ఇది ఎవరికీ నచ్చని మాటే అయినా రాయక తప్పదు.

8. టెస్టులు పెట్టాలా?

పెట్టొచ్చు, కానీ వాటి మీద మరీ ఆశలు వద్దు. ఓరెగాన్‌లోనే హైస్కూల్ ఆటగాళ్లకు ముందస్తు చెప్పకుండా పరీక్షలు పెట్టి చూసిన సాటర్న్ అధ్యయనం 2007లో వచ్చింది. పరీక్షలున్న స్కూళ్లలో గత నెల వాడకం చెప్పుకోదగినట్టు తగ్గలేదు, పైగా డ్రగ్స్ వైపు తోసే కొన్ని ఆలోచనలు కాస్త పెరిగాయి కూడా. ఇంకో చిక్కుంది, గంజాయి ఎక్కువ రోజులు కనిపిస్తుందని తెలిసినవాడు త్వరగా బయటికి పోయే ఇంకో ప్రమాదకరమైన పదార్థానికి మారొచ్చు.

పెట్టాలనుకుంటే సరిగ్గా పెట్టండి. మూత్రపరీక్ష చెప్పేది గత కొన్ని రోజుల సంగతి, తల వెంట్రుకలు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతాయి కాబట్టి మూడు సెంటీమీటర్ల వెంట్రుక దాదాపు మూడు నెలల కథ చెబుతుంది. కిట్ మీద వచ్చే గీత తీర్పు కాదు, అది మొదటి వడపోత మాత్రమే, జలుబు మందు లాంటివి కూడా దాన్ని తికమక పెడతాయి. గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో, పదార్థాన్ని కచ్చితంగా గుర్తుపట్టే మాస్ స్పెక్ట్రోమెట్రీ పరీక్షతో నిర్ధారణ అయ్యేదాకా ఎవరితోనూ ఏమీ అనకూడదు. శాంపిల్‌ను రెండు సీసాలుగా చేసి రెండోదాన్ని ఆటగాడి కోసం భద్రంగా ఉంచాలి. ఎంపిక లాటరీ పద్ధతిలో ఉండాలి, నచ్చనివాణ్ని వరసగా మూడుసార్లు "యాదృచ్ఛికంగా" పిలిస్తే జట్టు మొత్తానికీ తెలిసిపోతుంది. కోచింగ్ సిబ్బంది కూడా అదే లాటరీలో ఉంటే ఆ టెస్టుకు వచ్చే గౌరవమే వేరు.

9. అనుమానం వచ్చినప్పుడు ఎలా మాట్లాడాలి

ఆలస్యంగా రావడం, డబ్బు అప్పులు అడగడం, నిద్రలేని కళ్లు, ఉన్నట్టుండి చిరాకు, పాత స్నేహితుల్ని తప్పించుకోవడం. ఇవి డ్రగ్స్‌కే కాదు, తలకు తగిలిన దెబ్బకు, డిప్రెషన్‌కు, బెట్టింగ్ అప్పులకు, ఇంట్లో గొడవలకు కూడా గుర్తులే. కాబట్టి రోగం పేరు మీరు పెట్టకండి. చూసింది మాత్రం చెప్పండి.

తలుపేసి, ఒంటరిగా, ప్రాక్టీస్ అయ్యాక. "నువ్వు ఈ రెండు వారాల్లో నాలుగుసార్లు లేటుగా వచ్చావు, మొన్న మ్యాచ్ అయ్యాక ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయావు. నీ చోటు గురించి కాదు నేను అడిగేది. నాకు కంగారుగా ఉంది, ఏమైంది?" అని ఆపేయండి. ఆపేయడం కష్టం, నిశ్శబ్దం భరించలేక మనమే మళ్లీ మాట్లాడేస్తాం. "ఏం లేదు సర్" అంటే వాదించకండి. "సరే. నేను ఇక్కడే ఉంటా, నాకు చెప్పాలనిపించకపోతే డాక్టర్‌కి ఫోన్ చెయ్. వచ్చే బుధవారం మళ్లీ కూర్చుందాం" అనండి, బుధవారం నిజంగానే కూర్చోండి. బ్యాగులు వెతకడం, జట్టు ముందు నిలదీయడం, స్నేహితుణ్ని గూఢచారిగా పెట్టడం చేస్తే ఆ తర్వాత మీకు ఎవరూ ఏమీ చెప్పరు.

10. చెప్పుకున్నాక మొదటి వారం

"థాంక్స్, చెప్పినందుకు" అన్నది మొదటి మాట కావాలి, "ఎన్నాళ్ల నుంచి?" కాదు. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి, అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఒంటరిగా వదలకండి, అప్పుడే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. లేదంటే ఒకట్రెండు రోజుల్లో వ్యసన చికిత్స తెలిసిన డాక్టర్‌ను కలిపించండి. మద్యం, కొన్ని రకాల నిద్రమాత్రలు, ఆందోళన మాత్రలు రోజూ తీసుకునేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, అందుకే "రేపట్నుంచి మానేస్తా సర్" అంటే సంతోషపడిపోకుండా డాక్టర్ చెప్పినట్టు ఆపించండి. ఖర్చు ఎవరిదో మొదటిరోజే చెప్పేయండి, డబ్బు భయంతో వెనక్కి తగ్గేవాళ్లున్నారు. మళ్లీ ఎప్పుడు ప్రాక్టీస్, ఎప్పుడు మ్యాచ్ అన్న తేదీలు వేసి ఒక కాగితం చేతిలో పెట్టండి. మధ్యలో మళ్లీ జారితే ఏం చేస్తారో కూడా అందులో ఉండాలి, ఎందుకంటే జారడం మామూలే, అది చికిత్స పనిచేయలేదనడానికి రుజువు కాదు. తిరిగి లేవడమూ సాధ్యమే: టోక్యోకు వెళ్లలేకపోయిన రిచర్డ్‌సనే 2023 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో వంద మీటర్లు 10.65 సెకన్లలో గెలిచింది.

11. ప్రాణాల మీదికి వస్తే

ఇది జట్టులో ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలి. శ్వాస చాలా నెమ్మదిగా, గురకలా గరగరలాడుతూ ఉండటం, పెదవులు నీలంగా మారడం, కంటిపాపలు చుక్కల్లా చిన్నవైపోవడం, పిలిచినా పలకకపోవడం ఓపియాయిడ్ మోతాదు మించిన లక్షణాలు. ముందు అంబులెన్స్. ఓపియాయిడ్‌కు విరుగుడైన నాలాక్సోన్ స్ప్రే ఉంటే ముక్కులో కొట్టండి, అది రెండు మూడు నిమిషాల్లో పనిచేస్తుంది, కానీ గంటా గంటన్నరలోపే దాని ప్రభావం దిగిపోయి మనిషి మళ్లీ మత్తులోకి జారిపోవచ్చు, లేచి కూర్చున్నాడని అంబులెన్స్‌ను వెనక్కి పంపకండి. శ్వాస ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, లేకపోతే సీపీఆర్ మొదలుపెట్టాలి. ఒళ్లు కాలిపోవడం, ఛాతీలో నొప్పి, ఫిట్స్, పిచ్చిగా ఊగిపోవడం ఉంటే కొకైన్, ఎక్స్‌టసీ లాంటివి కావచ్చు, వెంటనే అంబులెన్స్‌ను పిలిచి, ఒంటిని చల్లబరుస్తూ ఉండండి. "పడుకుంటే దిగిపోతుంది" అని గదిలో వదిలేస్తే ప్రాణం పోవచ్చు. అంబులెన్స్ పిలిచినవాడి మీద, పక్కనున్నవాళ్ల మీద క్లబ్ ఏ చర్యా తీసుకోదని ఆ ఒక్క పేజీ నియమాల్లో రాసి ఉండాలి. డాక్టర్లకు ఏం తీసుకున్నాడో దాచకుండా చెప్పాలి.

12. పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది

పాజిటివ్‌ల లెక్క చూసి సంబరపడకండి, సున్నా వచ్చిందంటే డ్రగ్స్ లేవని కావచ్చు, దాచడం బాగా వచ్చిందనీ కావచ్చు. సీజన్ మొదట్లో, చివర్లో పేరు లేని సర్వే పెట్టి పోల్చండి. ఐస్‌లాండ్ దేశం 1990ల చివర్నుంచి ఇదే పని ఓపిగ్గా చేసింది, ప్రతి స్కూల్లో సర్వే, ఆ ఫలితాలతో తల్లిదండ్రులను కూర్చోబెట్టడం, పిల్లల ఖాళీ సాయంత్రాలను శిక్షకులున్న ఆటలతో, సంగీతంతో నింపడం. 15, 16 ఏళ్ల పిల్లల్లో గంజాయి ఒక్కసారైనా వాడినవాళ్లు 1998లో 17 శాతం ఉంటే 2016 నాటికి 7 శాతానికి దిగారు, గత నెలలో తాగి మత్తెక్కినవాళ్లు 42 నుంచి 5 శాతానికి. పద్దెనిమిదేళ్లు పట్టింది, ఒక సీజన్ కాదు.

మీ సర్వేలో ఐదు ప్రశ్నలు చాలు: గత మూడు నెలల్లో ఏమైనా వాడావా, ఎవరైనా ఇవ్వజూపారా, ఎక్కడ, డాక్టర్ చీటీ లేకుండా మాత్ర వేసుకున్నావా, నీకు ఇబ్బంది వస్తే క్లబ్‌లో ఎవరికి చెబుతావు. జవాబులు చదివేటప్పుడు ఐదోదాన్ని ముందు చూడండి. "ఎవరికీ చెప్పను" అన్నవాళ్లు జట్టులో మూడోవంతు దాటితే పోస్టర్లు, క్లాసులు పక్కనపెట్టి నాలుగో అడుగులో ఎంచుకున్న మనిషిని మార్చండి, ఈసారి పేరును ఆటగాళ్లనే చెప్పమనండి.